నాయన మంచం మీదికి వంటకొట్టం కప్పు

ఈ ఎండాకాలం మొదట్లో మా కోడలు బాల్కనీలోకి రెండు ఇనుప కుర్చీలూ, వాటి మధ్యకు ఒక చిన్న గుండ్రటి బల్లా తెప్పించింది. మార్కాపురంలో రెండో అంతస్తులో మా కాపురం. బాల్కనీ అంటే మనిషి పడుకుంటే కాళ్లు అవతలి గోడకు తగిలేటంత, అదీ పడమటి దిక్కు. సాయంత్రం కాఫీ ఇక నుంచి అక్కడే తాగుదామని ముచ్చటపడి పిలిస్తే వెళ్లి, కూర్చోబోతూ కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించానో లేదో, కాలిన పెనం పట్టుకున్నట్టు చుర్రుమంది. కోడలు నాకంటే ఎక్కువ హడలిపోయి, చేతులకు వెన్న రాసి, ఆ పూటే ఫోనులో వెతికి నీడకు ఆర్డరు పెట్టింది. అవును, నీడకే. తరువాత ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో మడతపెట్టిన ఆకుపచ్చ నెట్టు, కొక్కేలు, నైలాను తాడు ఉన్నాయి. నీడ ఇట్లా పెట్టెలో మడతబడి గుమ్మం ముందుకు వస్తుందని నా చిన్నప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు.

కోడలు ఆ నెట్టును కుర్చీల మీద గిన్నెకు మూత వేసినట్టు అడ్డంగా, బిగుతుగా కట్టింది. కింద కూర్చుంటే గాలి ఆడక ఉడికిపోయాం, నాలుగు దాటేసరికి ఎండ ఆ మూత కింది నుంచి నేరుగా ముఖం మీదికే వచ్చింది. నేను ఆలోచించకుండానే, గోడ వైపు ఇంకాస్త ఎత్తి కట్టమ్మా, వేడి పోయే సందు ఉండాలి, పడమటి వైపు నడుము దాకా దించు అన్నాను. అట్లా కట్టగానే తేడా తెలిసిపోయింది. ఇవన్నీ మీకెట్ల తెలుసు అత్తమ్మా అని ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. నేను ఏదో నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ సాయంత్రమంతా నా మనసు చిన్నప్పటి ఇంటి దగ్గరే తిరిగింది. ఎందుకంటే నాకు అది నేర్పింది మా అమ్మ, ఆమె నేర్చుకున్న రోజు తలుచుకుంటే ఇన్నేళ్ల తరువాత కూడా నాకు మొదట వచ్చేది దిగ్భ్రమే.

నా ఈడు వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, నల్లరాతి పలక చంకన పెట్టుకుని బడికి పోయిన వాళ్లే అయి ఉంటారు. ఆ పలక చాలామటుకు మా మార్కాపురం మట్టిలోంచి వచ్చిందే. మాది మొదట బేస్తవారిపేట దగ్గర పల్లె. వానలు లేక చేను ఎండిపోతే, నన్నూ అన్ననూ అమ్మనూ వెంటబెట్టుకుని నాయన మార్కాపురం వచ్చి పలకల కార్ఖానాలో కోత మిషను దగ్గర పనికి కుదిరాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన కనుబొమలూ రెప్పలూ కూడా బూడిద రంగులో ఉండేవి. అమ్మ ఆయన్ను గుమ్మం బయటే నిలబెట్టి, కొంగుతో చొక్కా దులిపి, అప్పుడు లోపలికి రానిచ్చేది. పిండిమర నుంచి వచ్చినట్టున్నావని నేను నవ్వేదాన్ని. ఆయన కూడా నవ్వి, నవ్వు చివర దగ్గేవాడు. ఆ దగ్గు నవ్వులో భాగమే అనుకునేదాన్ని నేను.

మేము అద్దెకున్నది ఇరుకు సందులో. కిటికీ లేని ఒక అర్ర, దాని ముందర వసారా కూడా లేదు, ఎదురుగా బోదగడ్డి కప్పిన చిన్న వంటకొట్టం, ఈ రెంటి మధ్యా పలకబండలు పరిచిన కాస్త జాగా. ఆ జాగాకు గోడ లేదు, సందులో పోయేవాళ్లందరికీ మా గడప కనపడేది. ఇల్లు ఎదురింటి అవ్వది. మొగుడు పోయి ఒంటరిగా ఉండే మనిషి. మేము గోడకు మేకు కొట్టామేమోనని సాయంత్రాలు వచ్చి చేత్తో తడిమి చూసేది, తన బావి చేద మా చేత ముట్టనిచ్చేది కాదు. ఆమె వస్తుందంటే అమ్మ కూర్చున్న చోటు నుంచి లేచి నిలబడేది.

ఒక మాఘమాసంలో నాయన పనికి పోలేక కూలబడ్డాడు. నాలుగు అడుగులు వేస్తే రొప్పు, పడుకుంటే దగ్గు. డాక్టరు గారు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, మందులు రాసిచ్చి, మందుల కంటే గాలి ముఖ్యమనీ, ఆ చీకటి గదిలో ఉంచితే ఈ ఎండాకాలం దాటడనీ అమ్మను పక్కకు పిలిచి చెప్పాడట. నాయన బదులు అన్న పనికి పోవడం మొదలుపెట్టాడు. మీసాలు ఇంకా సరిగ్గా రాలేదు వాడికి. సాయంత్రం వాడు ఇంటికి వస్తే, ఇప్పుడు వాడి కనుబొమలు బూడిద రంగులో ఉండేవి, అమ్మ వాణ్ని గుమ్మం బయట నిలబెట్టి దులిపేది.

నులక మంచం తెచ్చి బండల మీద వేశాం. పొద్దున పూట బాగానే ఉండేది. ఎండ పైకి వచ్చేకొద్దీ, చూరు నీడ ఎటు జరిగితే మేము మంచం అటు జరిపేవాళ్లం, పొద్దు నడిమింటికి వచ్చేసరికి నీడ అనేదే ఉండేది కాదు. మా ఊరి బండల సంగతి మీకు చెప్పాలా, మధ్యాహ్నం వాటి మీద నీళ్లు చల్లితే చుయ్యిమని ఆవిరయ్యేవి. వేడి పైనుంచి కాదు, మంచం కింది నుంచి వచ్చేది. అమ్మ తన చీర తెచ్చి నాలుగు కర్రలకు కట్టింది. ఎండ చీరలోంచి దిగింది, గాలికి ఒక అంచు చిరిగి నాయన ముఖాన కొట్టింది. వేపమండలు నరికి తెచ్చి పరిచింది. సాయంత్రానికి అవి ఎండి ఆకులన్నీ ఆయన ఛాతీ మీద రాలాయి. మళ్లీ లోపలికి చేరిస్తే, ఆ చీకట్లో గాలి చాలక ఆయన మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చునేవాడు.

అదే సమయంలో గిద్దలూరు నుంచి మా మేనమామ వచ్చాడు. చెల్లెలంటే ప్రాణమే గానీ, సందులో మంచం చూసి ఆయనకు కోపం ఆగలేదు. "జబ్బు మనిషిని ఊరందరికీ కనపడేటట్ల బయటేసుకుంటారా ఎవరన్నా? క్షయ అనుకుంటారు. రేపు ఇల్లు ఖాళీ చేయమంటే యాడికి పోతావు?" అని కేకలేశాడు. అమ్మ ఆయనకు నీళ్ల చెంబు అందించి పొయ్యి దగ్గరికి పోయింది. మా అమ్మ ఎవరికీ ఎదురు చెప్పి నేను చూడలేదు అప్పటిదాకా.

తరువాత కొద్ది రోజులకే, ఒంటిపూట బడి వదిలాక ఇంటికి వచ్చి సందు మలుపులో ఆగిపోయాను. ఇల్లు తప్పి వచ్చానేమో అనుకున్నాను. మా వంటకొట్టానికి కప్పు లేదు. మట్టిగోడలు మొండిగా నిలబడి ఉన్నాయి, వాటి మధ్య పొయ్యి, పొయ్యి మీద ఎసరు, గూట్లో ఉప్పుజాడీ, అన్నీ ఆకాశం కింద నగ్నంగా ఉన్నాయి. ఆ కప్పు మొత్తం, వెదుర్లతో సహా, నాయన మంచం మీద ఉంది. గోడ వైపు ఎత్తుగా, సందు వైపు వాలుగా, మందంగా. అమ్మ నిట్టాడి గుంజకు ఆఖరి ముడి వేస్తోంది. జుట్టు ఊడిపోయి, ముఖమంతా మసి, చేతులు గీసుకుపోయి నెత్తురు. నన్ను చూసి, ఏమీ జరగనట్టు, కాళ్లు కడుక్కుని రా, అన్నం అవుతోంది అంది.

అద్దె ఇల్లు. మేకు కొట్టాలంటేనే భయపడే ఇల్లు. ఆ ఇంటి కప్పును మా అమ్మ పీకేసింది.

దగ్గరికి పోయి చూస్తే ఇంకా విచిత్రం. ఏళ్ల తరబడి పొగ పట్టిన గడ్డి అది. మసి నాయన మీద రాలకుండా కట్టకట్టనూ సందు చివర దులిపి, తిరగేసి, పొగ వైపు ఆకాశానికి పెట్టి, కింద తన చీరను పరదాలా గుంజి కట్టింది. బండల మీద ఇసుక పోసి తడిపింది. నేను మంచం పక్కన కూర్చుంటే, బయట నిప్పులు కురుస్తున్న ఎండలో అక్కడ మాత్రం చెరువు గట్టు దగ్గరలా ఉంది. నాయన పైకి చూస్తూ చూస్తూ, "ఇదేందే, నన్ను పొయ్యిలో పెడతావా ఏంది, వంటకొట్టం తెచ్చి నా మీద వేస్తివి" అని నవ్వాడు. ఆ మధ్యాహ్నం ఆయన నిద్రపోయాడు. మనిషి పగటి పూట నిద్రపోవడం అంత గొప్ప సంగతని నాకు అప్పుడే తెలిసింది. అమ్మ తల మీద తడిగుడ్డ వేసుకుని, ఎండలో నిలబడి అన్నం వార్చింది.

సాయంత్రం ఎదురింటి అవ్వ వచ్చింది. ఆమె గడప దిగుతుంటేనే సందులో ఆడవాళ్లందరూ తలుపుల్లోకి వచ్చి నిలబడ్డారు. అవ్వ మొండిగోడల దగ్గర ఆగి, తల ఎత్తి, కప్పు ఉండాల్సిన చోట ఆకాశాన్ని చూసింది. నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. అమ్మ అడుగు వెనక్కి వేయలేదు.

"ఎవరు పీకమన్నారు దీన్ని?"

"నేనే పీకినాను అత్తా. పొయ్యికి నీడెందుకు, మనిషికి కావాల గానీ."

అవ్వ అరుస్తుందని, మా సామాన్లు బయట పడేస్తుందని అందరం ఎదురుచూస్తున్నాం. ఆమె మెల్లగా నడిచి వచ్చి, తల వంచి ఆ పందిరి కిందికి దూరి, నాయన కాళ్ల దగ్గర మంచం పట్టె మీద కూర్చుంది. ఎవరూ ఊహించని పని అది. నాయన లేవబోతే పడుకోమని చేత్తో సైగ చేసింది. తరువాత మా అర్ర వైపు చూపించి, గొంతు తగ్గించి చెప్పింది. "మా ఆయనకు కూడా ఇదే దగ్గు. నేను ఆ అర్రలోనే పెట్టి తలుపేసినాను, ఊరికి తెలిస్తే పరువు పోతాదని. గాలి గాలి అని అడిగినాడు అమ్మీ. తలుపు తీయలే నేను."

మేము రోజూ పడుకునే గది అది. అవ్వ వచ్చి తడిమి చూసే ఆ గోడల్లో ఆమె వెతుకుతున్నది మేకుల కోసం కాదేమోనని, పెద్దయ్యాక చాలాసార్లు అనుకున్నాను. ఆ పూట మాత్రం ఆమె కళ్లు తుడుచుకుని లేచి, మళ్లీ పాత గొంతుతోనే అమ్మను కసిరింది. పడమటి పక్క తెరిచి పెట్టినావే, సాయంత్రపు ఎండ కింది నుంచి రాదా, తడిక కట్టాలని తెలీదా అని. ఆమె తన వసారాకు ఉన్న జమ్ము తడికను విప్పి ఇచ్చింది. కప్పు వేసేదాకా తన వసారాలోనే వంట చేసుకోమంది. నీళ్లకు నువ్వే చేద వేసుకో అంది. అమ్మ తడిక అందుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. కప్పు పీకినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

జబ్బు మనిషి బయట ఉంటే జనం దూరం పోతారని మేనమామ అన్నాడు. జరిగింది వేరు. నాయనతో పని చేసినవాళ్లు సాయంత్రం కార్ఖానా వదలగానే ఆ నీడ చూసి ఆగడం మొదలుపెట్టారు. అవ్వ తన ఇంట్లోంచి పాత బల్ల ఒకటి వేయించింది. బండల వేడి చల్లారేదాకా కూర్చుని, చెంబుడు నీళ్లు తాగి, నాయనతో లోకాభిరామాయణం మాట్లాడి పోయేవాళ్లు. అమ్మకు సంతోషంగా ఉండేది. ఒక సాయంత్రం ఆమె నీళ్ల చెంబుతో బయటికి వస్తూ గుమ్మంలో నిలబడిపోయింది. ఏమైందని నేను వెనక నుంచి తొంగి చూశాను. ఎవరూ మాట్లాడటం లేదు. అందరూ దగ్గుతున్నారు. బల్ల మీద పెద్దాయన దగ్గాడు, ఆయన ఆపితే పక్కన ఉన్న పడుచువాడు దగ్గాడు, ఆ తరువాత నాయన. మనుషులు వేరు, వయసులు వేరు, దగ్గు ఒక్కటే. అదే పొడి దగ్గు, చివర అదే ఈల లాంటి ఊపిరి. ఇన్నాళ్లూ ఎవరి ఇంట్లో వాళ్లు తలుపులేసుకుని దగ్గిన దగ్గు, ఆ నీడ కింద ఒక్కచోట చేరేసరికి, అదేమిటో మా అమ్మకు తెలిసిపోయింది. ఆ వరసలో చివర, గోడకు ఆనుకుని, బూడిద కనుబొమలతో మా అన్న కూర్చుని ఉన్నాడు. వాడు కూడా చిన్నగా గొంతు సవరించుకున్నాడు. అమ్మ చేతిలో చెంబు జారి బండల మీద పడింది.

మర్నాడు పొద్దున అన్న సద్దిగిన్నె తీసుకుంటుంటే అమ్మ దారికి అడ్డం నిలబడింది.

"నువ్వు ఇంక పనికి పోవద్దు రా."

"పోకపోతే ఏం తింటాం మా?"

"నాకు తెలీదు. పోవద్దు."

అన్న నాయన వైపు చూశాడు. నాయన కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. ఆయన మూసిన రెప్పల కింది నుంచి నీళ్లు చెవుల మీదికి కారుతున్నాయి. "దుమ్మని నాకు తెలుసు," అన్నాడు. "నేను చేరినప్పుడు ఉన్నోళ్లు ఎట్ల పోయినారో చూసినాను. వాణ్ని పోవద్దని చెప్పేదానికి నోరు రాలేదే. ఇంట్లో బియ్యం లేవు."

నాకు ఆ మాట ఇప్పటికీ మింగుడు పడదు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన నాయన, దోసకాయ కోస్తే తీపి ముక్క మాకు పెట్టి చేదుది తాను తినే నాయన, తెలిసి కూడా కొడుకును ఆ మిషను దగ్గరికి పంపాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని ఎన్నోసార్లు ప్రయత్నించాను, రాలేదు. ఆకలికి భయపడిన మనిషి ఎంత దూరం పోతాడో చూశానన్న బెదురు మాత్రం మిగిలింది. అమ్మ పోయి ఆయన కన్నీళ్లు తుడిచి, అన్న చేతిలోని సద్దిగిన్నె తీసుకుని గూట్లో పెట్టేసింది. ఆ వారంలోనే అన్న గిద్దలూరులో మేనమామకు తెలిసిన సైకిల్ షాపులో చేరాడు.

ఇల్లు గడిచిన తీరు ఇంకో వింత. మా సందులోంచి పోయే టీ దుకాణం ఆయన, అమ్మ కట్టిన పందిరిని కొన్నాళ్లు చూసి చూసి, బస్టాండు దగ్గర తన దుకాణం ముందర బెంచీలకు అట్లాంటిదే కట్టిపెట్టమని అడిగాడు. అవ్వ అమ్మను ముందుకు తోసింది. నల్లమల వైపు నుంచి బోద మోపులు తెచ్చే చెంచుల ఆడవాళ్లతో మాట్లాడి, కంభం చెరువు జమ్ము తెప్పించి, అమ్మ ఆ పని మొదలుపెట్టింది. గోడకూ కప్పుకూ మధ్య జానెడు సందు వదలాలనీ, పడమటి వైపు కిందికి వాలాలనీ, ఇరుకు జాగాలో నాలుగు గుంజలు పాతకుండా రెంటిని గోడలో దూర్చి, రెండే నేలలో పాతాలనీ ఆమె అట్లా కడుతూనే నేర్చుకుంది. దర్జీ దుకాణం ముందర అరుగుకు, సోడా బండి పక్కన బల్లకు, ఎవరింటి ముందరో ముసలాయన కుక్కి మంచానికి, ఊళ్లో చాలా చోట్ల మా అమ్మ కట్టిన నీడ ఉండేది. ఒకరోజు మేనమామ గిద్దలూరు బస్సు దిగి తల ఎత్తేసరికి, తన చెల్లెలు చీర కాసెపోసి నిచ్చెన మీద ఉంది. ఆయన సంచి కింద పడేశాడు. "ఆడదానివి, నడిబజారులో నిచ్చెన ఎక్కుతావా!" అని అరిస్తే, అమ్మ పైనుంచే, "నీడకు ఆడామగా ఉందా అన్నా, ఆ తాడు కొన ఇట్లందియ్యి" అంది. ఆయన బిత్తరపోయి అందించాడు. ఆ తరువాత జీవితాంతం ఆ కథ తానే అందరికీ చెప్పుకుని నవ్వేవాడు.

ఆ ఎండాకాలం దాటడన్న నాయన, నేను పదో తరగతి పాసయ్యేదాకా ఉన్నాడు. పోయింది మాత్రం ఎండలో కాదు, మంచు కురిసే కార్తీకంలో. ఆ పొద్దున అమ్మను పిలిచి, మంచం నీడలోంచి బయటికి లాగమన్నాడు, ఒంటికి కాస్త ఎండ తగలనీ అన్నాడు. నేనూ అమ్మా చెరోవైపు పట్టుకుని సందులోకి లాగాం. లేత ఎండ ముఖాన పడితే కళ్లు చికిలించి, హాయిగా ఉందని చెప్పి, కాసేపటికే పోయాడు. అవ్వ వచ్చి తలవైపు కూర్చుంది. సందు సందంతా వచ్చింది, చుట్టాలు చేరేలోపే.

ఆ బల్ల మీద కూర్చుని దగ్గినవాళ్లలో ఒక్కరు కూడా ముసలితనం చూడలేదు. మా అన్న చూశాడు. మనవళ్లను సైకిలు మీద ఎక్కించుకుని గిద్దలూరు వీధుల్లో ఇప్పటికీ తిరుగుతాడు, మా మెట్లు రెండంతస్తులూ ఆగకుండా ఎక్కి వస్తాడు. వాడు పైకి వచ్చి మామూలుగా ఊపిరి పీల్చుకోవడం చూసినప్పుడల్లా నాకు అమ్మ గుర్తొస్తుంది.

పలకలు పోయాయి, పిల్లలకు నోటు పుస్తకాలు వచ్చాయి, మా సందు పోయి అపార్టుమెంట్లు లేచాయి. పాతదంతా బంగారమని నేను అనను. ఆ దుమ్ము తిన్న మనుషుల్ని చూసినదాన్ని, అనలేను. కానీ పోయిన నెల జరిగింది చెప్పి ఆపుతాను. మా పక్క ఫ్లాటు తలుపు ముందు పొద్దున్నే చెప్పులు చాలా ఉన్నాయి. ఏమిటని వెళితే, ఆ ఇంటాయన పోయాడు. ఏడాదిగా మంచంలోనే ఉన్నాడట. నా మంచం ఉన్న గోడకు అవతలే ఆయన మంచం. లిఫ్టు దగ్గర రోజూ కనపడి నవ్వే ఆయన భార్యను పట్టుకుని, ఒక్క మాట చెప్పలేదేమమ్మా అని అడిగితే, ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని అంది, "మీకు దగ్గు వినపడి ఇబ్బంది పడతారేమోనని, ఎప్పుడూ తలుపులు వేసే ఉంచినాం పెద్దమ్మా."